నూట అరవై మూడో పేజీ

సినిమా బాగుండదని నాకు ముందే తెలుసు. అంత దరిద్రంగా ఉంటుందని మాత్రం తెలియదు. ఈ రెంటికీ మధ్య ఉన్న తేడా నా ఒక్కగానొక్క స్నేహితుణ్ణి నాకు కాకుండా చేసింది కాబట్టి చెబుతున్నాను.

నా పేరు ఆర్థర్. మా తాత గుంటూరు వైపు నుంచి రైల్వే పని కోసం వచ్చాడు. నేను మౌలాలి రైల్వే కాలనీలో పుట్టాను, ముప్ఫై నాలుగేళ్లు గేట్‌మన్‌గా చేశాను, రిటైరై అదే మౌలాలిలో రెండు గదుల ఇంట్లో ఉంటున్నాను. నాకు కోపం ఎక్కువని మా సంఘంలో అందరికీ తెలుసు. నన్ను ప్రార్థన చెయ్యమనే ముందు పాస్టరు గారు కూడా ఒకసారి నా మొహం చూసుకుంటారు.

బైబిలు సంగతి వేరు. అది కాక నేను జీవితంలో చదివిన పుస్తకం ఒక్కటే, ‘నలభై ఒకటో గేటు’ అనే నవల. రాసింది మా రైల్వేలోనే గార్డుగా చేసిన యెషయా గారు. వేసింది ఐదువందల కాపీలు. చదివినవాళ్లు మాత్రం దాన్ని వదల్లేదు. యూనియన్ ఆఫీసులో దాని మీద కొట్టుకున్నవాళ్లను నేను కళ్లారా చూశాను. యెషయా గారు పోయి పన్నెండేళ్లయింది. పుస్తకం అంతకన్నా ముందే దొరక్కుండా పోయింది.

అందులో కథంటూ పెద్దగా లేదు. ఒక గేటు, ఒక గేట్‌మన్, వాన, ఇరవై రెండు నిమిషాలు. రైలొస్తోందని స్టేషన్ నుంచి ఫోనొచ్చింది. అతను గేటు వేసి నంబరు ఇచ్చాడు. అప్పుడొచ్చింది ఎడ్లబండి, అందులో నొప్పులు పడుతున్న ఆడమనిషి. రైలు ఇంకా కనబడటం లేదు. గేటు తియ్యాలా, వద్దా? నూట డెబ్భై పేజీలూ అతను ఇదే ఆలోచిస్తాడు. మాటంటే ఏమిటి, మాట ఎవరికిస్తాం, కళ్లముందున్న మనిషి పెద్దా, కనబడని రైల్లో ఉన్న వెయ్యిమంది పెద్దా అని. ఆఖరి పేజీలో అతని చెయ్యి తాళం మీద ఉంటుంది. తీశాడో లేదో యెషయా గారు రాయలేదు.

నంబరు అంటే ఏమిటో చెప్పాలి. గేటు వెయ్యమని స్టేషన్ మాస్టర్ ఫోను చేస్తాడు. గేట్‌మన్ గేటు వేసి, తాళం పెట్టి, తన దగ్గరున్న కాగితంలోంచి ఒక అంకె చెబుతాడు. దాన్ని ప్రైవేట్ నంబరు అంటారు. అది ఇచ్చాడంటే గేటు పడిందని మాటిచ్చినట్టే. ఆ మాట మీదే మాస్టర్ బండికి సిగ్నల్ ఇస్తాడు. బండి దాటేదాకా దేవుడు దిగొచ్చినా గేటు తియ్యకూడదు. ఇచ్చిన నంబరును కాగితం మీద అప్పటికప్పుడే గీత పెట్టి కొట్టెయ్యాలి. కొట్టేసిన నంబరు మళ్ళీ ఇవ్వకూడదు. ఇది రూలు. ఈ రూలు మా ఒంట్లోకి అన్నంతోపాటే పోయింది.

పదిహేడేళ్లు నా నంబర్లు అందుకున్న మాస్టరే మధుసూదన్ సార్. మారేడ్‌పల్లి మనిషి. ఒకసారి డ్యూటీలో నవల చదువుతూ దొరికిపోతే నన్ను అమ్మనాబూతులు తిట్టి పుస్తకం లాక్కున్నాడు. మూడోరోజు స్టేషన్ నుంచి ఫోను. బండి సంగతేమో అనుకుని ఎత్తాను.

“వాడు గేటు తియ్యడుర ఆర్థరూ. తీస్తే ఇంక వాడు గేట్‌మన్ ఎట్లయితడు?” అన్నాడు.

“తీస్తడు సార్. తియ్యకపోతే మనిషెట్లయితడు?” అన్నాను.

అక్కడ షురూ అయిన పంచాయితీ ముప్ఫై ఏళ్లు నడిచింది. నా రిటైర్మెంటు రోజున నడిచింది, ఆయన భార్య పోయిన పదకొండో రోజున కూడా నడిచింది. ఒక్కసారి కూడా ఆయన తగ్గలేదు, నేనూ తగ్గలేదు.

ఇద్దరం రిటైరయ్యాక ఫోను అలవాటు మానలేకపోయాం. రోజూ పొద్దున ఏడింటికి నేను చేసేవాణ్ణి. హలో లేదు, గుడ్ మార్నింగ్ లేదు. నేనొక పేజీ నంబరు చెబుతాను. నా పుస్తకమే ఎన్నోసార్లు తీసుకుపోయి చదివి ఆయనకు అంతా కంఠతా వచ్చు, ఆ పేజీలోంచి ఒక వాక్యం చూడకుండా చెప్పాలి. సరిగ్గా చెబితే నా పుస్తకంలో ఆ వాక్యం మీద పెన్సిలుతో గీత పెట్టి కొట్టేసేవాణ్ణి. మళ్ళీ అదే పేజీ వస్తే ఆ వాక్యం చెల్లదు, ఇంకొకటి చెప్పాలి. ఎవరైనా మంచిదే ముందు చెబుతారు కదా! తొమ్మిదేళ్లలో ఆ నవలలోని మంచి వాక్యాలన్నిటి మీదా గీతలు పడ్డాయి. మా లెక్కలో గీత పడిందంటే ఆ వాక్యానికి సన్మానం జరిగినట్టు.

రెండేళ్ల కిందట సార్‌కి పక్షవాతం వచ్చింది. చెయ్యీ కాలూ చాలావరకు తిరిగొచ్చాయి. చదువు మాత్రం రాలేదు. అక్షరాలు చీమల్లా పాకుతున్నాయంటాడు. పోనీ నేనే పోయి చదివి వినిపిద్దామంటే, నాలుగో వాక్యానికి వచ్చేసరికి మొదటిది ఆయన చేతిలోంచి జారిపోయేది. “ఆపుర, తల తిరుగుతున్నది” అనేవాడు. పుస్తకం మొత్తంలో ఆయనకు మిగిలింది ఒక్క వాక్యం, నూట అరవై మూడో పేజీలోది. ఏ పేజీ చెప్పినా అదే చెప్పేవాడు. ‘నేను నంబరు ఇచ్చినవాడు నాకు కనబడడు. నాకు కనబడేవాడికి నేను ఏ నంబరూ ఇవ్వలేదు. మరి నా మాట ఎవరిది?’

అది ఎప్పుడో కొట్టేసిన వాక్యం. అయినా నేను నోరెత్తేవాణ్ణి కాదు. ఆ ఒక్కటి చెప్పేటప్పుడు ఆయన గొంతు పాత మాస్టర్ గొంతులా ఉండేది. నాకు అది చాలు.

టీవీలో సీరియళ్లు మాత్రం ఆయన చూడగలిగేవాడు. బొమ్మ కదులుతుంటే మనసు నిలిచేది. ఎవరు ఎవరి కోడలో, ఎవరు విషం కలిపారో సాయంత్రానిక్కూడా చెప్పేవాడు. అందుకే మా సంఘంలో కుర్రాడు జెఫ్రీ వచ్చి, “అంకుల్, నలభై ఒకటో గేటు సినిమా తీస్తున్న” అన్నప్పుడు నేను ఒళ్ళు మరిచిపోయాను. సినిమా చూస్తే సార్‌కి పుస్తకం తిరిగొస్తుంది. ఏడింటి ఫోనులో మళ్ళీ కొత్త వాక్యం వస్తుంది, మళ్ళీ పోట్లాడుకుంటాం. నాకింకేం కావాలి?

యెషయా గారి భార్య రోసమ్మ గారు సినిమాకి ఒప్పుకుంటూ సంతకం పెట్టారట. ఆవిడ దగ్గరున్న కాపీ చెదలు తినేసిందట. ఊరంతా వెతికినా ఇంకో కాపీ లేదు. నా కాపీ మొదటి పేజీలో యెషయా గారి సంతకం, తేదీ ఉన్నాయి. దానికి కొత్తగా బ్రౌన్ అట్ట వేసి, దాని మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి మరీ జెఫ్రీ చేతిలో పెట్టాను. “జాగ్రత్తగ చూస్కో నాయనా, నా ప్రాణం ఇస్తున్న” అన్నాను. వాడు పుస్తకాన్ని కళ్లకద్దుకున్నాడు. మంచి పిల్లాడే, ఆ మాట ఇప్పుడూ అంటాను.

ఏడాది తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం రాంగోపాల్‌పేట్‌లో, ఒక బట్టల గోడౌన్ మీదున్న చిన్న హాల్లో సినిమా వేశారు. నలభై కుర్చీలు. ఏసీ పనిచెయ్యడం లేదు. సార్‌ని ఆయన కూతురు కల్పలత ఆటోలో తీసుకొచ్చింది. బ్యాంకులో ఉద్యోగం చేసుకుంటూ తండ్రిని కంటికి రెప్పలా చూసుకునే పిల్ల. సార్ ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకున్నాడు. జేబులో పెన్ను పెట్టుకున్నాడు. రాయలేని మనిషికి పెన్నెందుకని నేను అడగలేదు.

“ఇయాల తేలిపోతదిర,” అన్నాడు నా పక్కన కూర్చుంటూ. “వాడు తీసిండో లేదో.”

“ఆయన రాయనేలేదు, వీళ్లేం తేలుస్తరు సార్?” అన్నాను.

లైట్లు ఆరిపోయాయి. ఇక చూడండి నా తిప్పలు.

వాళ్ల దగ్గర డబ్బుల్లేవని తెలుసు. రైల్వే వాళ్లు పట్టాల దగ్గర పర్మిషన్ ఇవ్వలేదనీ తెలుసు. అయినా వెదురుబొంగుకు ఎరుపూ తెలుపూ రంగేసి గేటంటే ఎట్లా? ఎవరిదో ఫామ్‌హౌస్ వెనక తీశారు. వెదురు కింద కోళ్లు తిరుగుతున్నాయి. వాన పైపులోంచి పడుతోంది, అది కూడా హీరో కుడిభుజం మీద మాత్రమే. ఫోను వైరు ఏ గోడకీ తగలకుండా గాల్లో వేలాడుతోంది. రైలని చూపించిన గూడ్సు బండిని ఏదో బ్రిడ్జి మీద నుంచి ఎండలో తీశారు. దాన్నే నాలుగుసార్లు వేశారు. చీకట్లో వాన పడుతుంటే ఎండలో గూడ్సు పోతుంది. ఎడ్లబండికి బదులు ఆటో. ఆ నొప్పులు పడే అమ్మాయి పెదాల మీద లిప్‌స్టిక్ కూడా చెదరలేదు.

పోనీ, ఇవన్నీ మింగుతాను. పేదవాడి కోపం పెదవికి చేటని ఊరుకుంటాను. అసలు సంగతి వేరే. హీరో ఫోను పెట్టేటప్పుడు “ఓకే సార్” అన్నాడు. అంతే. నంబరు లేదు! గంటా నలభై నిమిషాల సినిమాలో నంబరు అన్న మాటే లేదు. నంబరు ఇవ్వనివాడికి మాట తప్పడం ఏముంటుంది? వాడికి ఆలోచించడానికేముంది? ఒక్కో పేజీ వస్తుంది, ఆ పేజీలో ఉండాల్సిన వాక్యం కోసం నేను కుర్చీ అంచుకు జరుగుతాను, అది రాదు. దాని ముందుదీ వెనకదీ వస్తాయి, అది మాత్రం రాదు. పన్నుండే చోట పన్ను లేకపోతే నాలుక ఊరికే అక్కడికే పోయినట్టు నా మనసు పోతూనే ఉంది. ఏదో ఒకటి వస్తుందిలే, నూట అరవై మూడు వస్తుందిలే అని చూశాను. రాలేదు.

చివర హీరో గేటు ఎత్తేశాడు. ఆటో దాటింది. అదే గూడ్సు బండి బొమ్మను నెమ్మదిగా తిప్పి ఆగినట్టు చూపించారు. బిడ్డ ఏడుపు. హీరో కెమెరా వైపు తిరిగి గుండె మీద చెయ్యేసుకుని, “గేటుకే తాళం ఉంటది, గుండెకు ఉండదు!” అన్నాడు.

ఛీ! లైట్లు వెలిగేసరికి నా ఒళ్ళంతా చెమట. పక్కకి తిరిగాను. సార్ ఏడుస్తున్నాడు. ఎడమచేత్తో తొడ మీద చరుస్తూ చప్పట్లు కొడుతున్నాడు.

“తీసిండుర ఆర్థరూ! గేటు తీసిండు!” అన్నాడు. “నువ్వే గెలిచినవ్. ముప్ఫై ఏండ్లు నిన్ను గలత్ అన్న. నువ్వే గెలిచినవ్‌ర.”

ముప్ఫై ఏళ్లు ఆ మాట కోసమే పోట్లాడానని అనుకునేవాణ్ణి. అది చెవిన పడ్డాకే తెలిసింది. నాకు గెలవాలని ఎప్పుడూ లేదు. ఆయన రోజూ కాదనాలి, నేను రోజూ అవుననాలి, నాకు కావలసింది అదే. ఆ దిక్కుమాలిన వెదురుబొంగు ఎత్తి వాళ్లు మా ఇద్దరి మధ్య ఉన్నదంతా ఊడ్చేశారు. ఆ హాల్లోనే ఏడవాలనిపించింది. కల్పలత చూస్తోందని దిగమింగుకున్నాను.

వాళ్లను ఆటో ఎక్కించి, మెట్ల దగ్గర జెఫ్రీని పట్టుకున్నాను.

“నూట అరవై మూడో పేజీ ఏమైందిరా?” అన్నాను. “అది సరే, ఒక్కటన్న మంచి మాట ఉన్నదా నీ సినిమాల? అన్నీ ఏరి ఏరి తీసేసినవా?”

వాడు బెదిరిపోయాడు. “అంకుల్, మేం సొంతంగ ఏం తియ్యలే. ఆథర్ కొట్టేసినవే తీసేసినం.”

“ఏ ఆథర్ కొట్టేసిండు?”

వాడు బ్యాగులోంచి నా పుస్తకం తీసి తెరిచాడు. వేలితో చూపించాడు. పెన్సిలు గీత. పేజీ తిప్పాడు. ఇంకో గీత. “ఇగో, మొదటి పేజీల యెషయా సార్ సంతకం ఉన్నది. ఆయన సొంత కాపీ అనుకున్నం. సెకండ్ ఎడిషన్ కోసం ఎడిట్ చేస్కున్నడు అనుకున్నం. నంబరు గురించి ఉన్న లైన్లన్నీ ఆయనే కట్ చేసిండు కదా అని కథలకెల్లి నంబరే ఎత్తేసినం. మావోళ్లు ఉంచుదామన్నా నేనే వద్దన్న అంకుల్. ఫుల్ రెస్పెక్ట్‌తో చేసినం.”

నాకు తల కొట్టేసినట్టయింది. ఎవరిని తిట్టను? వాడికి కనీసం ఒక్క ముక్క చెప్పానా ఆ గీతలేమిటో? చెప్పాలని కూడా తోచలేదు. ఇచ్చిన నంబరు కొట్టేస్తారని లోకానికంతా తెలుసని నా బుర్రలో ఉంది. ముప్ఫై నాలుగేళ్లు గేటు కాడ కూర్చున్నవాడికి రైల్వేనే లోకం. ఆ సినిమాను పాడుచేసింది జెఫ్రీ కాదు, వెదురుబొంగు కాదు. తొమ్మిదేళ్లు ఒక్కో గీతా గీసుకుంటూ ఈ చేత్తో నేనే పాడుచేశాను.

“తప్పు చేసిన్నా అంకుల్?” అన్నాడు వాడు.

“లేదు నాయనా,” అన్నాను. పుస్తకం తీసుకుని వచ్చేశాను.

దారిలో రబ్బరు కొన్నాను. ఇంటికి రాగానే కిటికీ దగ్గర కూర్చుని ఏడో పేజీలో గీత చెరపడం మొదలుపెట్టాను. పాత కాగితం. నాలుగుసార్లు రుద్దేసరికి గీతతోపాటు అక్షరాలు కూడా లేచొచ్చాయి, అవతలి పేజీ కనబడింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఉంది నా పని. రబ్బరు కిటికీలోంచి విసిరేసి, లైటు కూడా వెయ్యకుండా అట్లాగే కూర్చున్నాను.

మర్నాడు పొద్దున్నే మారేడ్‌పల్లి వెళ్లాను. ఫోను చెయ్యలేదు. కల్పలత తలుపు తీసి నన్ను గుమ్మంలోనే ఆపింది.

“అంకుల్, నాన్న నిన్నటి సంది సినిమా ముచ్చటే చెప్తున్నడు. పొద్దుగాల లేచి రెండిడ్లీలు ఎక్కువ తిన్నడు. ఎన్ని దినాలకు గింత ఖుష్‌గ చూసిన్నో,” అంది. నా చేతిలో పుస్తకం చూసింది. “మీకు సినిమా నచ్చలేదని నాకు ఎరుకే. జెర ఏమనకుండ్రి అంకుల్. మీకు దండం పెడ్త.”

ఏమీ అననని ఆ పిల్లకి మాటిచ్చాను. అప్పుడు నా మాట నాకే నవ్వులాట అనిపించింది. కళ్లముందు ఆ పిల్ల ఉంది. కనబడకుండా పోయిన యెషయా గారి పుస్తకం నా చంకలో ఉంది. ఆ నవల నాకన్నా ఎక్కువసార్లు చదివినవాడు ఎవడున్నాడు? చదివి ఏం లాభం, చెప్పులు విప్పేలోపు ఎటూ తేల్చుకోలేకపోయాను.

సార్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మొహం కళకళలాడుతోంది. “రార గెలిచినోడా!” అన్నాడు.

ఎదురుగా కూర్చున్నాను. సినిమా ఊసెత్తకూడదు, అంతే కదా. పుస్తకం ఊసెత్తొద్దని ఆ పిల్ల అనలేదు కదా. ఆయనకు మిగిలిన ఆ ఒక్కటీ ఉందో లేదో చూసుకోకుండా ఎట్లా లేచి వెళ్లను?

“నూట అరవై మూడు,” అన్నాను.

సార్ నిటారుగా కూర్చున్నాడు. కళ్లు మూసుకున్నాడు. పాత మాస్టర్ గొంతు వచ్చింది. ప్రభువా, ఆ గొంతు రాగానే నాకు ఆశ పుట్టింది.

“గేటుకే తాళం ఉంటది,” అన్నాడు. “గుండెకు ఉండదు.”

కల్పలత తలుపు దగ్గరే నిలబడి ఉంది. నేను ఆ పిల్ల వైపు చూడలేదు. మాట తప్పాను. పుస్తకం తెరిచి ఆయన పక్కకి జరిగి, గట్టిగా, ఒక్కో మాటా విడదీసి చదివాను. “నేను నంబరు ఇచ్చినవాడు నాకు కనబడడు. నాకు కనబడేవాడికి నేను ఏ నంబరూ ఇవ్వలేదు. మరి నా మాట ఎవరిది?” “గిది సార్. గిదే నూట అరవై మూడు. మీదే ఇది. యాదికి తెచ్చుకోండ్రి.”

సార్ వంగి పేజీలోకి చూశాడు. అక్షరాలు ఆయనకు చీమలే. వేలు పెట్టి మెల్లగా జరుపుకుంటూ పోయాడు. ఒకచోట వేలు ఆగింది. అక్కడి నుంచి వాక్యం చివరిదాకా పెన్సిలు గీత వెంట తిన్నగా నడిచింది. గీతలు ఆయనకు బాగానే కనబడతాయి.

“గిది కొట్టేసి ఉన్నది గద ఆర్థరూ,” అన్నాడు. డ్యూటీలో మందలించే గొంతు. “కొట్టేసిన నంబరు మళ్ల ఇస్తవా? గిన్నేండ్లు చేసినవ్, రూల్ ఎరుకలే నీకు?”

“తప్పయింది సార్,” అన్నాను.

“వేరేది ఇయ్యి,” అన్నాడు సార్, చెవి నా వైపు పెట్టి.

పుస్తకం మొదటి నుంచి చివరిదాకా తిప్పాను, మంచి వాక్యాలన్నిటి మీదా నా గీతలే. ఇవ్వడానికి నా దగ్గర ఇంకొకటి లేదు.